ఒక్క వరుస చిరునామా

ఎస్‌సీపీ అని ఒక పాత పనిముట్టు ఉంది. మన కంప్యూటర్‌లోని ఫైలును వేరే ఊళ్ళోని కంప్యూటర్‌కి పంపడానికి ఇప్పటికీ చాలామంది వాడతారు. వాడుకరి పేరు, ఎట్ గుర్తు, అవతలి యంత్రం పేరు, చివర ఒక కోలన్: చిరునామా రాసే పద్ధతి ఇదీ. ఆ చివరి కోలన్ మరిచిపోతే? తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు. వాడుకరి పేరూ యంత్రం పేరూ కలిపి దాన్నే ఫైలు పేరుగా పెట్టేసుకుని మన డిస్కులోనే ఇంకో కాపీ తయారవుతుంది. బెంగళూరు చేరిందనుకున్న సరుకు మనకు తెలియని పేరుతో మన ఇంట్లోనే కూర్చుని ఉంటుంది.

బ్యాకప్ పనిలో ఇంతకంటే చెడ్డ పొరపాటు నాకు తోచదు. ఫైలు పోతే ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. కాపీ చేరలేదన్న సంగతి మాత్రం అసలు పోయిన రోజునగానీ బయటపడదు.

అందుకే రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేయాలనుకున్నప్పుడు, అందరూ పొగిడే దాని ఎన్‌క్రిప్షన్‌నూ వేగాన్నూ పక్కనపెట్టాను. ఎక్కడ దాచాలో మనం చెప్పే ఒక్క వరుసను అది ఎలా చదువుతుందో చూద్దామనిపించింది. జర్మనీకి చెందిన అలెగ్జాండర్ నాయ్‌మన్ 2014లో మొదలుపెట్టిన పని ఇది. తర్వాత ఎందరో చేతులు కలిపారు. గో భాషలో రాసినది, ఉచితం, మూలం అందరికీ తెరిచే ఉంటుంది. ఆ మూలంలో చిరునామాను విప్పి చదివే భాగం చాలా చిన్నది, కాగితం మీద అచ్చువేస్తే ఒకటి రెండు పేజీలు. దాన్ని తీరిగ్గా చదవదగ్గ పనితనం అనే అంటాను.

మా బృందం దాచుకోవాల్సినవి కోలారు జిల్లావి. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పొలం గట్ల మీదా గుడి ప్రాకారాల పక్కనా నిలబడ్డ తెలుగు, కన్నడ, తమిళ శాసనాల ఫొటోలు. కేజీఎఫ్ (కోలారు గోల్డ్ ఫీల్డ్స్) కార్మికుల లైన్ ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున మిగిలిన జీతం చీట్లు, గ్రూపు ఫొటోలు. గనిలో దిగి పనిచేసిన పెద్దవాళ్ళ మాటల రికార్డింగులు. ఆ గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001 ఫిబ్రవరి 28న పని ఆపేసింది. ఆ తర్వాత పంపులు ఆగి సొరంగాల్లోకి నీళ్ళు చేరాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న చాంపియన్ రీఫ్ గని అడుగు ఎలా ఉండేదో ఇవాళ ఎవరూ దిగి చూసి రాలేరు. చూసినవాళ్ళ గొంతే దస్తావేజు. ఆ గనిలోనే రెండు కిలోమీటర్లకు మించిన లోతులో 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హమ్ శాస్త్రవేత్తలు కలిసి వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. నియాన్ గొట్టాల్లో పుట్టే మెరుపును కెమెరా ఫిల్ము మీద పట్టేవాళ్ళు. ఒక మెరుపును రెండోసారి ఫొటో తీయలేం. పెద్దవాళ్ళ మాటలూ అంతే.

కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో ఒక పెద్దాయన మా పని చూసి, "రెండు కాపీలుండాయి గదప్పా, ఇంగా మూడోదెందుకు?" అన్నాడు.

"రెండూ ఒకే బీరువాలో ఉండాయి తాతా."

ఆయన ఇంకో మాట అడగలేదు. రాక్ బర్స్టులు ఎరిగిన మనిషి. లోతున రాతి మీద ఒత్తిడి పేరుకుని గోడలు పేలినట్టు విరిగిపడితే, ఆ అదురు పైన ఊళ్ళోని ఇళ్ళకూ తెలిసేది. రాతి మెకానిక్స్ కోసం ఒక జాతీయ సంస్థ 1988లో కేజీఎఫ్‌లోనే పుట్టిందంటే ఊరికే కాదు. అలాంటి ఊళ్ళో ఇంట్లో ఒకటి, దూరాన ఒకటి అన్న లెక్క ఎవరికీ రెండుసార్లు చెప్పక్కర్లేదు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న సూత్రాన్ని పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడంటారు. ఫొటోగ్రాఫర్ కావడం సబబుగానే ఉంది, తీసిన క్షణం తిరిగిరాదని ఆ వృత్తివాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు!

ఇక చిరునామా సంగతి. కోలన్ పెట్టి అవతలి యంత్రాన్ని చూపే అలవాటు పాతది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో ఆర్‌సీపీ అనే ఆదేశం ఉండేది. కోలన్‌కు ముందున్నది యంత్రం, తర్వాతున్నది ఆ యంత్రంలో దారి. 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ రాసిన ఆర్‌సింక్ ఆ అలవాటునే తీసుకుని ఒక మెట్టు పైకెక్కింది: ఒక కోలన్ పెడితే ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత మార్గం ద్వారా, రెండు పెడితే అవతల నిరంతరం మేలుకుని ఉండే ఆర్‌సింక్ సేవ ద్వారా. పొదుపైన రాత అది, నాకు ఇప్పటికీ ముచ్చటే. అయితే ఆ పొదుపు కింద ఒక ఊహ దాగుంది. స్లాష్ కంటే ముందు కోలన్ కనబడితే చాలు, దూరపు యంత్రమే అనుకుంటుంది. రికార్డింగు ఫైలుకు మీరు '10:30 ముళబాగిలు' అని పేరు పెట్టారనుకోండి, 10 అనే యంత్రాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. పేరుకు ముందు ఒక చుక్క, ఒక స్లాష్ పెట్టి 'ఇది ఇక్కడిదే' అని నచ్చజెప్పాలి.

రెస్టిక్ ఊహల మీద నడవదు. దూరపు చోటు ఏ రకానిదో మొదటి మాటలోనే చెప్పమంటుంది. ఆ మాట తర్వాత ఒక కోలన్, ఆపైన ఆ రకానికి తగ్గ వివరం. ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే యంత్రమైతే ఎస్‌ఎఫ్‌టీపీ, అమెజాన్ తరహా బకెట్ (క్లౌడ్‌లోని నిల్వ చోటు) అయితే ఎస్3, బ్యాక్‌బ్లేజ్ అయితే బీ2, మైక్రోసాఫ్ట్‌దైతే అజూర్, గూగుల్‌దైతే జీఎస్, రెస్టిక్ వాళ్ళే రాసిన సర్వర్ అయితే రెస్ట్. ఇంట్లోని డిస్కుకు ఏ మాటా అక్కర్లేదు, ఫోల్డరు దారి రాస్తే సరి. తెలుగు అక్షరాల్లో రాసి చూపిస్తే ఇలా ఉంటుంది (యంత్రానికి మాత్రం ఇంగ్లీషు అక్షరాలే ఇవ్వాలి):

/మీడియా/డిస్కు/కోలారు

ఎస్‌ఎఫ్‌టీపీ:శాసనం@బెంగళూరు:/నిల్వ/కోలారు

ఈ వరుసను చదివే క్రమం చూడండి. మొదటి కోలన్ వరకు ఉన్న మాటను తీసి, తనకు తెలిసిన రకాల పట్టికలో వెతుకుతుంది. దొరికితే మిగతా వరుసను ఆ రకం తాలూకు కోడ్‌కు అప్పగించి తప్పుకుంటుంది. దొరకకపోతే రెండో ప్రశ్న: ఇది చూడగానే దారిలా కనిపిస్తోందా? స్లాష్‌తోనో, రెండు చుక్కలూ స్లాష్‌తోనో మొదలైతే దారే. విండోస్ డ్రైవు అక్షరం, కోలన్, వెంటనే స్లాష్ వచ్చినా దారే. సీ డ్రైవును సీ అనే యంత్రంగా పొరబడకుండా ఆ మూడు అక్షరాలనూ విడివిడిగా పరీక్షించే కొన్ని వరుసల కోడ్ అక్కడుంది. ఈ రెండింటికీ అందకుండా లోపల ఎక్కడో ఒక కోలన్ మాత్రం ఉంటే, అప్పుడు ఆగిపోతుంది. 'ఇలాంటి రకం నాకు తెలియదు. ఇంట్లోని ఫోల్డరే అయితే ముందు లోకల్ అని రాసి కోలన్ పెట్టు' అని చెబుతుంది.

ఈ మూడో మలుపు దగ్గరే నాకు రచయిత చెయ్యి కనిపిస్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీ అక్షరాలు తారుమారై పడ్డాయనుకోండి. పాత పద్ధతిలో ఆ తప్పు మాటే ఒక యంత్రం పేరైపోయేది. ఇంకొంచెం బద్ధకంగా రాసిన ప్రోగ్రామ్ అయితే ఆ మాట పేరుతో ఇంట్లోనే ఫోల్డరు సృష్టించి 'అయిపోయింది' అనేది. ఇక్కడ రెండూ జరగవు. పైగా ఆ సందేశం తప్పు పట్టడంతో సరిపెట్టుకోకుండా, మన మనసులో నిజంగా ఇంటి ఫోల్డరే ఉంటే ఏం రాయాలో కూడా చెబుతోంది. సందేశాలు రాసే ప్రోగ్రామర్లు చాలామంది ఈ రెండో వాక్యం దగ్గరకు రారు.

అంత పకడ్బందీ కాదనేవాళ్ళు కోలన్ అసలే పెట్టకుండా రాసి చూపిస్తారు. నిజమే, కోలన్ లేకపోతే రెస్టిక్ కూడా దాన్ని ఇంట్లోని ఫోల్డరుగానే తీసుకుంటుంది. అక్కడ రెండో కాపలా ఒకటుంది. ఏ చోటునైనా వాడకముందు ఒకసారి 'ఇక్కడ రెపోజిటరీ పెట్టు' అని వేరే ఆదేశంతో చెప్పాలి. అప్పుడు అక్కడ కాన్ఫిగ్ అనే చిన్న ఫైలు పడుతుంది. తర్వాత ప్రతి బ్యాకప్పూ ముందుగా ఆ ఫైలును వెతుకుతుంది. కనబడకపోతే ఆ చిరునామాను మళ్ళీ చూపించి 'ఇక్కడ రెపోజిటరీ ఉందా?' అని అడిగి ఆగుతుంది. మొదటిసారి పెట్టేటప్పుడే తప్పు చిరునామా ఇస్తే మాత్రం అది కాపాడలేదు. కానీ ఎక్కడ పెట్టానో పూర్తిగా చెబుతుంది, చదివే ఓపిక మనకుండాలి.

ఈ కాన్ఫిగ్ కాపలా విలువ యూఎస్‌బీ డిస్కు వాడేవాళ్ళకు తెలుస్తుంది. లినక్స్‌లో బయటి డిస్కు ఒక ఫోల్డరులా తగులుకుంటుంది. తీగ వదులైనా, కరెంటు పోయి వచ్చాక డిస్కు తగులుకోకపోయినా ఆ ఫోల్డరు అక్కడే ఖాళీగా ఉండొచ్చు. మామూలు కాపీ ఆదేశమైతే నిక్షేపంగా ఆ ఖాళీ ఫోల్డరులోకి, అంటే అసలు ఫైళ్ళున్న డిస్కులోకే, అంతా మళ్ళీ పోస్తుంది. రెస్టిక్‌కు కాన్ఫిగ్ కనబడదు, ఆగిపోతుంది. ఇది ఎవరో ప్రత్యేకంగా యూఎస్‌బీ డిస్కుల కోసం కట్టిన రక్షణ కాదు. రెపోజిటరీ అంటే ఏమిటో స్పష్టంగా నిర్వచించుకోవడం వల్ల దానంతట అదే దక్కిన లాభం. మంచి పనివాడి చేతిలో ఇలాంటి లాభాలు తరచూ కలిసొస్తుంటాయి.

చిరునామా చదవడం అయిపోయాక జరిగేదీ అంతే పొందికగా ఉంటుంది. ఇంట్లో డిస్కైనా, బెంగళూరు యంత్రమైనా, ఎక్కడో బకెట్ అయినా లోపలి అమరిక ఒక్కటే. కాన్ఫిగ్ ఫైలు, పక్కన కీలు, సూచిక, స్నాప్‌షాట్లు (ఒక్కో బ్యాకప్ నాటి స్థితి), తాళాలు, డేటా అనే ఫోల్డర్లు. డేటాలో మళ్ళీ 256 చిన్న ఫోల్డర్లు. మన ఫైళ్ళను సగటున ఒక ఎంబీ ముక్కలుగా తరిగి, ఎన్‌క్రిప్ట్ చేసి, పెద్ద పొట్లాలుగా కట్టి వాటిలో పెడుతుంది. ప్రతి పొట్లానికీ దాని లోపలి బైట్ల నుంచి లెక్కగట్టిన ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యే పేరు. పేరు లోపలి సరుకు నుంచే పుట్టింది కాబట్టి ఎక్కడున్నా మారదు. ఏ రకం నిల్వ అయినా రెస్టిక్ కోరేది పిడికెడు పనులే: రాయి, చదువు, ఉందా చూడు, జాబితా ఇవ్వు, తీసెయ్యి. పేరు మార్చడం, మధ్యలో దిద్దడం లాంటివి అడగదు, ఎందుకంటే బకెట్లకు ఆ పనులు సరిగా రావు. అన్నిచోట్లా దొరికే అతి తక్కువ పనులతోనే ఇల్లు కట్టుకుంది గనక ఏ చోటుకైనా పోగలదు.

దీని ఫలితం ఆచరణలో చాలా హాయిగా ఉంటుంది. మారుమూల ఊరి నుంచి మొదటి పెద్ద బ్యాకప్‌ను నెట్ మీద పంపాలంటే రోజులు పట్టొచ్చు. దాని బదులు డిస్కులోనే రెపోజిటరీ పెట్టి, మొత్తం నింపి, ఆ డిస్కును బెంగళూరు బస్సులో పట్టుకెళ్ళి అక్కడి యంత్రంలోకి ఫోల్డరు ఉన్నదున్నట్టు దించేయొచ్చు. తర్వాత ఇంటి నుంచి ఎస్‌ఎఫ్‌టీపీ చిరునామాతో తెరిస్తే అదే రెపోజిటరీ. ఆపైన కొత్త ముక్కలు మాత్రమే తీగ మీద వెళ్తాయి.

మెచ్చుకోలు వ్యాసమైనా ఒక గరుకు చోటు చెప్పకపోతే బాగుండదు. ఎస్‌ఎఫ్‌టీపీ చిరునామా రెండు రకాలుగా రాయొచ్చు. కోలన్ పద్ధతిలో యంత్రం పేరు తర్వాతి కోలన్ వెంటనే స్లాష్ పెడితే ఆ యంత్రం మొదలు నుంచి దారి. పెట్టకపోతే వాడుకరి సొంత ఫోల్డరు నుంచి. ఇది బాగుంది. వెబ్ చిరునామా పద్ధతిలో మాత్రం మొదలు నుంచి దారి కావాలంటే యంత్రం పేరు తర్వాత రెండు స్లాష్‌లు పెట్టాలి, ఒకటే పెడితే సొంత ఫోల్డరు. పోర్టు సంఖ్య చిరునామాలోనే ఇవ్వాలంటే ఈ రెండో పద్ధతే దిక్కు. లెక్క ప్రకారం సరైనదే, మొదటి స్లాష్ యంత్రానికీ దారికీ మధ్య గోడ, రెండోది దారిలో భాగం. కానీ జంట స్లాష్‌ను చూసి ఎవరో చెయ్యిజారి కొట్టారనుకుని 'సరిదిద్దే' మనిషి ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. చిరునామాను చేత్తో టైపు చేయకుండా ఒక ఫైలులో రాసిపెట్టి, రెస్టిక్‌కు ఆ ఫైలును చూపించే వీలుంది. మేము అదే వాడతాం.

ఆ ఫైలు వీలుకు ఇంకో కారణం ఉంది. రెస్ట్ సర్వర్ చిరునామాలో వాడుకరి పేరు, పాస్‌వర్డు కూడా ఇమిడి ఉండొచ్చు. ఆదేశంలో అలాగే రాస్తే, అదే యంత్రం వాడే మరొకరు నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా చూసినప్పుడు అదీ కనబడుతుంది. ఫైలులో పెడితే కనబడదు. తనంతట తాను చిరునామాను తెర మీద చూపాల్సి వచ్చినప్పుడు కూడా రెస్టిక్ పాస్‌వర్డు ఉన్నచోట మూడు నక్షత్రాలు వేసి చూపిస్తుంది. ఎవరైనా సాయం అడుగుతూ తెర ఫొటో పంపినప్పుడు ఈ మూడు నక్షత్రాల మేలు అర్థమవుతుంది.

కోలారు శాసనాలతో మెలిగేవాళ్ళకు చిరునామాల మీద ముందే ఒక చూపు ఉంటుంది. బి. లూయిస్ రైస్ 1905లో ఎపిగ్రాఫియా కర్నాటికా పదో సంపుటంగా ఈ జిల్లా శాసనాలను అచ్చువేశాడు. అప్పటి జిల్లా ఇప్పటి చిక్కబళ్ళాపురాన్ని కూడా కలుపుకున్నది. 2007లోగానీ అది విడిపోలేదు. రైస్ ప్రతి శాసనానికీ తాలూకా పొడి అక్షరాలు, పక్కన ఒక అంకె ఇచ్చాడు. కేఎల్ అంటే కోలారు, ఎంబీ అంటే ముళబాగిలు, బీపీ అంటే బౌరింగ్‌పేట. ఏ ఊరు, ఊళ్ళో ఎక్కడ, గుడి ముందా చెరువు గట్టు మీదా అన్నదీ రాశాడు. రాయి ఉన్నచోట రాయి ఉంటుంది, దాని పాఠం వేల మైళ్ళ అవతలి గ్రంథాలయంలోనూ ఉంటుంది. దూరపు కాపీ అంటే ఇదే. తర్వాత బౌరింగ్‌పేట బంగారుపేట అయింది. బీపీ మాత్రం బీపీగానే ఉండిపోయింది. ఇవాళ పరిశోధకుడు బీపీ అని రాస్తే అది చోటును చూపడం మానేసి, ఆ శాసనానికి పేరుగా మిగిలింది.

రైస్ పట్టికలో చోటూ పేరూ ఒకే ముద్రలో కలిసిపోయాయి, కాలం వాటిని విడదీసింది. రెస్టిక్ మొదటి నుంచే వాటిని విడిగా ఉంచింది. రెపోజిటరీ పుట్టినప్పుడే దానికి ఒక యాదృచ్ఛిక సంఖ్య ఏర్పడి కాన్ఫిగ్‌లో నిలుస్తుంది. చిరునామాకూ ఆ సంఖ్యకూ ఏ చుట్టరికమూ లేదు. బెంగళూరు యంత్రం పేరు మారినా, డిస్కు వేరే ఫోల్డరుకు తగులుకున్నా, బకెట్ నుంచి బకెట్‌కు మార్చినా, మన కంప్యూటర్‌లో అది దాచుకున్న క్యాష్ ఆ సంఖ్య పేరు మీదే ఉంటుంది గనక మళ్ళీ మొదటి నుంచి దించుకోనక్కర్లేదు. పాత పరిచయం ఆ సంఖ్యతోనే సాగిపోతుంది.

ఒక చోటి నుంచి ఇంకో చోటికి స్నాప్‌షాట్లు చేరవేసే ఆదేశంలో ఈ జాగ్రత్త ఇంకో రూపంలో వస్తుంది. ఆర్‌సింక్ రెండు చిరునామాలూ దూరపువైతే పని చేయనంటుంది. రెస్టిక్ కాపీ ఆదేశానికి ఏ రెండు రకాలైనా సమ్మతమే, డేటా మాత్రం మన కంప్యూటర్ మీదుగానే పోతుంది. అయితే ఒక మెలిక ఉంది. ఫైలును ఎక్కడ తరగాలో తేల్చే గణితానికి ప్రతి రెపోజిటరీ తనదైన బహుపదిని ఎంచుకుంటుంది. రెండు రెపోజిటరీల బహుపదులు వేరైతే ఒకే ఫొటో రెండు చోట్లా రెండు రకాలుగా తెగుతుంది. అప్పుడు కాపీగా వచ్చిన ముక్కలకూ అక్కడే నేరుగా తీసిన బ్యాకప్ ముక్కలకూ పొంతన కుదరక, జాగా వృథా అవుతుంది. రెండోదాన్ని పుట్టించేటప్పుడే 'మొదటిదాని కొలతలే తీసుకో' అని చెప్పే వీలు పెట్టారు. ఇది ముందే తెలుసుకుని చేయాల్సిన పని, తర్వాత మార్చలేం. మార్గదర్శిలో ఈ సంగతి ఇంకొంచెం పెద్ద అక్షరాలతో ఉంటే బాగుండును.

మా మూడు చోట్లూ చెప్పి ముగిస్తాను. రాబర్ట్‌సన్‌పేటలో ఒక బయటి డిస్కు. బెంగళూరులో ఒక స్నేహితుడి ఇంటి యంత్రం. అక్కడ రెస్ట్ సర్వర్‌ను చేర్చడం తప్ప తీసేయడం కుదరని పద్ధతిలో నడుపుతున్నాం. కేజీఎఫ్ కంప్యూటర్‌లోకి ఏ వైరస్సో దూరి పాత స్నాప్‌షాట్లను చెరిపేయాలని చూసినా ఆ సర్వర్ ఒప్పుకోదు. మూడోది హైదరాబాదు. అమెజాన్ 2022 నవంబరులో అక్కడ ఒక క్లౌడ్ ప్రాంతం తెరిచింది, అంతకుముందు మన దేశంలో వాళ్ళకు 2016 నాటి ముంబయి ఒక్కటే ఉండేది. ఎస్3 చిరునామాలో ప్రాంతం పేరు మారిస్తే చాలు, బకెట్ ఎక్కడుందో అక్కడికే పోతుంది. తెలుగు శాసనాల ఫొటోలు హైదరాబాదులో ఉండటం మా బృందంలో కొందరికి భావోద్వేగం. నాకు మాత్రం కోలారు, బెంగళూరు రెండూ ఒకేసారి చీకటైపోయినా అక్కడ దీపం వెలుగుతుందన్న లెక్క.

ఈ మూడు చిరునామాలు నిజంగా మూడు వేర్వేరు చోట్లా అన్నది రెస్టిక్‌కు తెలియదు. ఒకే గదిలోని మూడు డిస్కులకు మూడు చిరునామాలిచ్చినా తృప్తిగా పని చేస్తుంది. పాస్‌వర్డు పోతే దానికి దొడ్డిదారి లేదు కాబట్టి, దాన్ని కాగితం మీద రాసి ఇద్దరి దగ్గర ఉంచాం. చెక్ ఆదేశం మామూలుగా సూచికలూ స్నాప్‌షాట్లూ పొసిగి ఉన్నాయో లేదో చూస్తుందేగానీ పొట్లాలు విప్పి చూడదు. విప్పమంటే హైదరాబాదు నుంచి అన్నీ దించుకోవాలి, దించినకొద్దీ బిల్లు. అందుకు డేటాను వంతులుగా విభజించి, ఈసారి ఏడింట ఒకటో వంతు, వచ్చేసారి రెండో వంతు అని అడిగే వీలుంది. డిస్కును మొత్తం ఒకేసారి చదివిస్తాం. హైదరాబాదును వంతుల వారీగా.